ఎర్రదీపం ఇల్లు

ఆ అపార్టుమెంటులో ప్రతి గుమ్మం పైనా ఒక దీపం ఉండేది. ఇంట్లో తుపాకీ ఉంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా వెలిగేది. అందరివీ పచ్చవే. వరూధిని వాళ్ల ఎదురింట్లో కొత్తగా దిగిన హైమావతిది మాత్రం ఎరుపు.

"లేదంటే నమ్మేయడమేనా? దీపాన్ని ఏమార్చి ఎక్కడో దాచే ఉంటుంది," అన్నాడు వరూధిని భర్త. ఆ మాట వరూధిని మనసులో నాటుకుపోయింది.

మర్నాడు మధ్యాహ్నం హైమావతి గిన్నెతో వచ్చి తలుపు తట్టింది. వరూధిని పిస్టల్ కొంగుచాటున పట్టుకునే తలుపు తీసింది.

"పాలు తోడు పెట్టాలి వదినగారూ, కాస్త పెరుగుంటే ఇస్తారా?"

"మీ ఇంట్లో నిజంగానే తుపాకీ లేదా?"

"ఉండేదండీ. ఓ రోజు చెప్పకుండా పెందలాడే ఇంటికొచ్చిన మా ఆయన్ని దొంగనుకుని కాల్చేశాను. ఆ తర్వాత దాన్ని పోలీసులకి ఇచ్చేశాను."

వరూధిని గిన్నె తీసుకుని లోపలికెళ్లి పెరుగు వేసి తెచ్చింది. కుడిచెయ్యి మాత్రం పిస్టల్‌ని వదల్లేదు. ఎడమచేత్తోనే గిన్నె అందించింది.