తిరుపతమ్మకు తొలి రొట్టె

“ఖాళీ చేయండి” అన్నాడు కొత్త సాహెబు, మరాఠీలో.

రాజూరా తాలూకా హైదరాబాదు నుంచి బొంబాయి రాష్ట్రంలోకి మారిన కొత్త. సర్కారు బీడు దున్నుకుని బతుకుతున్న కూలీలంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. తాలూకా మారకముందు నుంచీ ఉన్నట్టు రుజువు చూపిస్తే భూమి ఉంటుంది. లేకపోతే గుడిసెలు పీకేస్తారు. ఎవరి దగ్గరా చిన్న కాగితం ముక్క కూడా లేదు.

అప్పుడు అందరికంటే వెనక నుంచి మొగిలి ముందుకొచ్చాడు. వాగవతల ఎవరికీ అక్కర్లేని రాళ్ల చెలక అతనిది. ఎప్పుడొచ్చాడో కూడా ఎవరూ పట్టించుకోలేదు. నలుగురు చేరిన చోట అతణ్ని కూర్చోమన్నవాళ్లే లేరు.

“మా అమ్మ తిరుపతమ్మను ఈడనే మట్టిల పెట్టిన సాబ్. ఎన్నటిదో ముచ్చట” అంటూ తన చెలకలోని రాళ్ల దిబ్బ చూపించాడు.

సాహెబు బూట్లు విప్పి దండం పెట్టాడు. బతికున్నవాళ్ల మాట నమ్మని పెద్దమనిషి, దిబ్బ మాట నమ్మాడు. కూలీలంతా అప్పటి నుంచే ఉన్నారని రాసుకున్నాడు. అందరి భూములూ నిలిచాయి.

ఆ రోజు నుంచి మొగిలి కాస్తా మొగిలన్న అయ్యాడు. అందరికంటే ముందొచ్చినవాడని మంచం వాల్చారు. ఏ చేనులో పంట చేతికొచ్చినా తొలి రొట్టె తిరుపతమ్మ దిబ్బకే. ఎవరైనా పొగిడితే మొగిలి తల దించుకునేవాడు. పాపం, తల్లి మీద బెంగ అనుకునేవారు.

ఈసారి జొన్నరొట్టె పెడుతూ పక్క చేను రాజక్క ఏడ్చేసింది.

“మా అత్త బాట మీదనే పాయె అన్నా. పిడికెడు మట్టి ఏసే జాగ దొరకలే. మీ అమ్మ పున్నెమా అని మా పోరగాండ్లు గింత తింటున్నరు.”

మొగిలి ఏదో చెప్పబోయాడు. పక్కనే రాజక్క పిల్లలు రొట్టె వంకే చూస్తున్నారు. వంగి, దిబ్బ మీద జారిన రాయి ఒకటి సర్దాడు.

దిబ్బ మీది రొట్టె కాకులకు వదిలేయాలి. మొగిలి మాత్రం మూట కట్టుకుని, దూరాన లక్కడ్‌కోట్‌లో ఉన్న అక్క ఇంటికి తీసుకెళ్తాడు. కూతురికీ ముట్టాలి కదా అని మెచ్చుకున్నారు జనం.

ఆ సాయంత్రం లక్కడ్‌కోట్‌లో తలుపు తీసిన తిరుపతమ్మ, కొడుకు చేతిలోని మూట అందుకుంటూ అడిగింది: “ఈసారన్న నన్ను మన చేనుకు తోల్కపోతవా, బిడ్డా?”