ముఖాల్లేని ఊరు

గోడంతా తెరలా పరుచుకున్న కొత్త వీడియో గేమ్‌లో ఊరుంది, మనుషులున్నారు, ఎవరికీ ముఖాల్లేవు. అవి తర్వాతి అప్‌డేట్‌లో వస్తాయని చెప్పి అమ్మిన కంపెనీ మొన్న మూతపడింది.

"ఇంక ఆపెయ్యండి, చూస్తుంటే భయమేస్తోంది," అంది చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ప్రసూన.

"ఆపడానికి బటనేదీ? అదీ అప్‌డేట్‌లోనేనట!" భర్త ఫణీంద్ర విసుక్కున్నాడు.

చిన్నప్పుడు గేమ్ మొరాయిస్తే క్యాసెట్ బయటికి తీసి ఊదేవాడు. ముసలితనం దగ్గరపడుతున్నా ఆ అలవాటు పోలేదు. క్యాసెట్టే లేని ఈ గోడకి మూతి ఆనించి, గట్టిగా ఊదాడు.

గోడలో బిందె మోసుకెళ్తున్న అమ్మాయి ఆగింది. ముఖం ఉండాల్సిన చోటు చేత్తో తడుముకుంది.

"బాబాయ్ గారూ, ఇంకోసారి ఊదరూ," అంది. "మీ ఊపిరి తగిలినంతసేపూ నాకు ముఖం ఉన్నట్టే అనిపించింది."