ముప్పై ఒకటో రోజు

"వచ్చిందండోయ్, మీ పెంపుడు తల్లి!" పక్క సీటు టైపిస్టు నవ్వింది.

కోర్టులో కాగితాలు అందుకునే ఫైలింగ్ గుమాస్తా తల తిప్పలేదు. కిటికీ ఊచల మీద ఆ ముసలి వేళ్లు పడితే, ఈమధ్య ఆయన వీపుకే తెలిసిపోతోంది.

ఆమె కొడుక్కి యావజ్జీవం పడింది. అప్పీలుకు ముప్పై రోజుల గడువు. కాగితాలు ముప్పై ఒకటో రోజున అందాయని కోర్టు కొట్టేసింది. ఆలస్యానికి కారణం చూపిస్తే మళ్లీ వింటామంది. అందుకూ ఇవాళే ఆఖరు.

గుమాస్తా ఆమెను లోపలికి పిలిచి తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. మంచినీళ్లిచ్చాడు.

"జ్వరమొచ్చి పడుకున్నానని రాద్దామమ్మా. డాక్టరు చీటీ నేను తెప్పిస్తా."

"వద్దు నాయనా. దొంగ సాక్ష్యంతోనే వాణ్ని లోపలేశారు. నేనూ దొంగ కాగితమే పెట్టనా?"

"మరేం చెబుతారు?"

"ఉన్నదే. ఆఖరి రోజు సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చాను. మెట్ల మీద ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు."

ఒంటి చెప్పు చప్పుడు. గుమాస్తాకు అది ఇంట్లో కూడా వినిపిస్తోంది. అన్నం తింటుంటే, స్నానం చేస్తుంటే.

"జడ్జిగారితో అదే చెప్పారుగా. ఏమన్నారు?"

"కోర్టు ముద్ర అబద్ధమాడుతుందా అన్నారు."

టైపిస్టు టైపు ఆపింది. "సొంత కొడుకైనా ఇంత పట్టించుకోడండీ," అంది మెల్లగా.

ముసలామె ఉన్నట్టుండి గుమాస్తా చెయ్యి పట్టుకుంది.

"పోనీ నువ్వు చెప్పు నాయనా. కాగితాలు అందుకున్నది నువ్వేగా. నువ్వేది చెబితే అదే. నేనొచ్చింది ఏ రోజు?"

ఆయన రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలే ఉంది.

"ముద్రలో ఉన్న రోజేనమ్మా."

ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఇంత మంచివాడికి అబద్ధమాడాల్సిన కర్మేమిటి?

"అయితే మతి తప్పింది నాకే. వాడి బతుకుకి తాళం వేసింది నేనేనన్నమాట," అంది.

లేచింది. కారణం రాయాల్సిన తెల్లకాగితం బల్ల మీద అలాగే ఉంది. ఊతంగా గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

పొద్దున్నే హడావుడి ఉండకూడదని, రోజూ సాయంత్రం నాలుగు కొట్టగానే ముద్రను మర్నాటి తేదీకి తిప్పేసి పెట్టుకోవడం గుమాస్తాకు ఇరవై ఏళ్ల అలవాటు. ముప్పయ్యో రోజున ఆమె కిటికీ దగ్గరికొచ్చేసరికి నాలుగుంపావయింది.