నిద్రల లెక్క

శుక్రవారం రావద్దని సమ్మవ్వ చెప్పినా ఆర్తి శుక్రవారమే వచ్చింది.

శుక్రవారం మగ్గాలకు సెలవు. వారమంతా గోడల్ని వణికించే చప్పుడు ఆ రోజు ఉండదు. మగవాళ్లంతా ఇళ్లలో పడి నిద్రపోతారు. కామత్‌ఘర్ గల్లీ పొడుగునా గురకలు వినబడతాయి.

సమ్మవ్వ గదిలో మాత్రం చాప చుట్టి మూలకు నిలబెట్టి ఉంది.

“ఏంది బిడ్డా, ఇయ్యాల అచ్చినవ్?”

“ఏం, రావద్దా? చాయ్ పెట్టవ్వా. అల్లం జర ఎక్కువెయ్.”

పక్కింటి పెంటవ్వ గడపలో కూర్చుని మెంతికూర తెంపుతోంది. ఊరుకోలేదు.

“ఏందే సమ్మవ్వా, మా అందరిది రెండు మూడు దినాలల్ల రాసుకపోయింది. నీది ఇంక ఒడువదా?”

సమ్మవ్వ ఆమెను కళ్లతోనే గదమాయించి తలుపు దగ్గరకు వేసింది.

ఆర్తి మొదటిసారి వచ్చింది పోయిన చలికాలంలో. సోనాలి, దీపాలి అని ఇద్దరు స్నేహితురాళ్లు వెంట ఉన్నారు. ముగ్గురి చేతుల్లోనూ అచ్చుకాగితాలు. ఎమ్మెస్సీ, అప్లయిడ్ స్టాటిస్టిక్స్ అని చదువు పేరు చెప్పారు. మగ్గం పనివాళ్లు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారో రెండు వందల ఇళ్లలో అడిగి లెక్క తీయాలట. ఇంట్లో మగ్గం నడిపేవాళ్లు ఎందరుంటే అన్నిసార్లు రావాలట.

“మీ ఇంట్ల ఎందరవ్వా?” అని అడిగింది ఆర్తి.

ఆ గదిలోకి ఒక మనిషి వచ్చి కూర్చుని ఎన్నాళ్లయిందో. సమ్మవ్వ నోట మాట దానంతటదే వచ్చింది.

“ముగ్గురు.”

పూర్తిగా అబద్ధం కాదది. పెద్దకొడుకు హనుమాండ్లు, చిన్నకొడుకు సురేశ్, తన తమ్ముడు కనుకయ్య. ఒకప్పుడు ముగ్గురూ ఈ గదిలోనే ఉన్నారు. పగటి పాళీ వాడు లేచిన చాప మీద, ఆ వేడి చల్లారకముందే, రాత్రి పాళీ వాడు వచ్చి పడుకునేవాడు. తర్వాత పెద్దవాడు సూరత్ పోయాడు. చిన్నవాడు మాలేగావ్ పోయాడు. కనుకయ్య దగ్గి దగ్గి ఒక వానాకాలం కన్నుమూశాడు.

ముగ్గురి లెక్క మూడు రోజుల్లో అయిపోవలసింది. కానీ మగ్గాల పాళీలు పదిహేను రోజులకోసారి మారతాయి. పాళీ మారితే నిద్ర మారుతుంది.

“మల్ల మొదటిసంది రాసుకో బిడ్డా,” అనేది సమ్మవ్వ.

ఆర్తి కాదనకుండా రాసుకునేది. కొన్నాళ్లకు స్నేహితురాళ్లు రావడం మానేశారు. అచ్చుకాగితాలు కూడా అయిపోయినట్టున్నాయి, ఆర్తి ఒక నోటుబుక్కు పట్టుకుని ఒక్కతే వచ్చేది. వారానికి రెండుసార్లు, మూడుసార్లు.

“సురేశ్ అయిదు గంటలు పండుకున్నడు. నిద్రల గూడ చేతి ఏళ్లు ఆడిస్తనే ఉంటడు, పోగు ముడేసినట్టు.”

“లేచిండా నడుమల?”

“రెండుసార్లు. నీళ్లు తాగిండు.”

అన్నీ ఎప్పటివో నిద్రలు. అయినా చెబుతుంటే గది నిండినట్టు ఉండేది.

పొద్దు పోతున్నా ఆర్తి లేచేది కాదు.

“మీ ఇంట్ల ఎదురుసూడరా?” అని ఒకసారి అడిగింది సమ్మవ్వ.

“ఎవలున్నరవ్వా? అమ్మ పాయె. నాయనకు మాన్కోలి గోదాంల పని. నేను లేవకముందే పోతడు, పండుకున్నంక అస్తడు.”

ఆ రోజు ఇద్దరూ ఒకే గిన్నెలో పప్పు పోసుకుని తిన్నారు.

అంతా బాగానే ఉండేది, హోళీకి ముందు సమ్మవ్వ ఆ ఒక్క మాట అడక్కపోతే.

“ఒక్క ఇంటోళ్లు తప్పు చెప్తే ఏమైతది బిడ్డా?”

“మొత్తం లెక్క వంకర పోతదవ్వా. సర్ నన్ను ఫెయిల్ చేస్తడు,” అని నవ్వింది ఆర్తి.

అప్పటి నుంచి సమ్మవ్వకే నిద్ర కరువైంది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకునేది. చెబితే ఈ పిల్ల మళ్లీ రాదు. చెప్పకపోతే తల్లి లేని పిల్ల చదువు తన నోటి వల్ల నాశనమవుతుంది. శ్రావణం వచ్చినా నోరు పెగల్లేదు.

“ఏరవ్వా అందరు? సెలవు గదా?” ఇప్పుడు స్టవ్ మీద చాయ్ మరుగుతుంటే ఆర్తి గది చుట్టూ చూసింది.

“బజార్‌కు పోయిండ్రు.”

“ముగ్గురూ?”

“ముగ్గురు.”

“రాత్రి పాళీ చేసినాయిన గూడనా? పండుకోకుంటనే?”

చాయ్ పొంగి స్టవ్ ఆరిపోయింది. సమ్మవ్వ మళ్లీ వెలిగించలేదు. వచ్చి ఆర్తి ఎదురుగా చతికిలబడింది.

“కొట్టెయ్ బిడ్డా.”

“ఏంది?”

“అన్ని. మొదటిసంది. ఈ ఇంట్ల ఎవ్వలు లేరు. కొడుకులు ఊళ్లు వట్టి పోయిండ్రు. కనుకయ్య సచ్చిపోయి ఆరేండ్లు. నువ్వు మల్ల మల్ల రావాలెనని చెప్పిన. నీ కాయితాలల్ల నా అబద్ధం ఉండద్దు బిడ్డా. నువ్వు ఇంక రాకున్నా సరే. నీ సదువు పాడుగావద్దు.”

గల్లీలో ఎవరిదో గురక ఆగి, మళ్లీ మొదలైంది.

ఆర్తి రాసిన పేజీల మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది.

“నా సదువు పాడుగాదవ్వా,” అంది, “రిజల్ట్ అచ్చి, పట్టా గూడ చేతికచ్చి మూడు నెలలాయె.”