చప్పుడు లేని మాట

“మీ అమ్మాయికి మాట రాదని చేర్చేటప్పుడే ఎందుకు చెప్పలేదండీ?”

కోమలి టీచర్ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. ఒకటో తరగతి గది గుమ్మంలో నిలబడి లింగం ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. చొక్కా మీద దారం పోగులు అంటుకునే ఉన్నాయి. బడి ఆయా కార్ఖానాకు వచ్చి పిలిస్తే, మరమగ్గాన్ని పక్కవాడికి అప్పగించి, లింబాయత్ బస్తీ సందుల్లో పడి వచ్చాడు.

“మాట రాదా? ఎవరన్నరు టీచరమ్మా? నాతోని పొద్దుందాక నోరు మూయదు. వాళ్ల ముచ్చట, వీళ్ల ముచ్చట, ఒకటేమిటి!”

“ఇక్కడ మాత్రం చేరినప్పటి నుంచీ ఒక్క మాట లేదు. వెనక నుంచి పిలిచినా తిరిగి చూస్తుంది, కాబట్టి వినికిడి బాగానే ఉంది. ఏదైనా అడిగితే పెదవులు కదుపుతుంది. శబ్దం మాత్రం రాదు.”

లింగం ముఖం ఒక్కసారిగా తేలికపడింది. నవ్వేశాడు.

“ఓస్, గదేనా! సాంచల కాడ మేమందరం గట్లనే మాట్లాడుకుంటం టీచరమ్మా. ఆ మగ్గాల చప్పుడుల ఎంత ఒర్రినా ఏం లాభం? పెదవులు చూస్తే సమజైతది. వాళ్లమ్మ పోయినప్పటి సంది నా పక్కనే కూసుంటది గదా, నా బిడ్డకు గదే అలవాటైంది.”

“ఇక్కడ మగ్గాలు లేవు కదండీ.”

“అవు, అదీ నిజమే.”

కొడుకు మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చిన వినోద, లింగం వెనకే ఆగి అంతా వింటోంది.

“ఓ అన్నా! మావోనికి నోరు ఆగదు. సగం మీ బిడ్డకు ఇస్త, తీస్కపోరాదు!”

లింగం వెనక్కి తిరగనైనా లేదు.

“అబ్బో, గింత పొగరా!” అని డబ్బా కిటికీలో పెట్టి ఆమె వెళ్లిపోయింది.

మొదటి బెంచీ మీద కూర్చున్న నిఖిత తండ్రినే చూస్తోంది. రెండు జడల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. ఆ జడలు ఎవరు వేశారో చూడగానే తెలుస్తుంది. లింగం వెళ్లి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

“టీచరమ్మకు నీ పేరు చెప్పు బిడ్డా.”

నిఖిత పెదవులు కదిలాయి.

“చెప్పింది గదా!” లింగం గర్వంగా తల ఎత్తాడు. “నిఖిత అని ఎంత మంచిగ చెప్పింది!”

“నాకేం వినపడలేదు లింగం గారూ.”

ఆయన నవ్వు ఆగిపోయింది. కూతురి గొంతు మీద మెల్లగా వేళ్లు ఆనించి, “ఇంకోపారి చెప్పు తల్లీ” అన్నాడు. పెదవులు మళ్లీ కదిలాయి. వేళ్ల కింద ఏ అదురూ లేదు.

మెల్లగా లేచి టీచర్ వైపు తిరిగాడు. గొంతు మారిపోయింది.

“దీన్ని ఇక్కడ్నించి తీసెయ్యకుర్రి టీచరమ్మా. మీకు దండం పెడ్త. మాట రాని పిల్లల బడి ఊరి ఆ కొసకుంటదంట. నేను కార్ఖానాకు పోతే దీన్ని అక్కడికి తీస్కపోయేదెవలు? మళ్లా ఆ సాంచల పక్కనే పడుంటది. అక్కడ పెరగొద్దనే బడికి తెచ్చిన.”

కోమలి ఆయన కళ్లల్లోకి చూడలేక డస్టర్ తీసుకుని బోర్డు వైపు తిరిగింది. పొద్దున రాసిన అక్షరాలు తుడుస్తూ మెల్లగా అంది:

“సరే, ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచుతాను. కానీ రోజూ కాసేపు మీరు కూడా వచ్చి దాని పక్కన కూర్చోవాలి. మీరు గొంతెత్తి మాట్లాడితే చూసి నేర్చుకుంటుంది. వస్తారా?”

జవాబు లేదు.

“మిమ్మల్నే అడుగుతున్నాను లింగం గారూ. వస్తారా?”

అప్పుడూ లేదు. ఇంతసేపూ బతిమాలినవాడు ఈమాత్రానికి వెనకాడుతున్నాడా? ఆమెకు మనసు చివుక్కుమంది.

“కన్నబిడ్డ కోసం మీకే తీరిక లేకపోతే నేనేం చేయగలను? రేపటి నుంచి ఆ బడికే పంపండి.”

బెంచీ కిర్రుమంది. ఆమె చేతిలో డస్టర్ బోర్డు మీదే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ గదిలో వినిపించని ఒక సన్నని గొంతు, గదంతా మోగేలా అరిచింది.

“టీచర్! మా బాపుకు చెవులు ఇనరావు! ఇటు మొఖం పెట్టి చెప్పుర్రి!”