తలుపుకు అడ్డం కుర్చీ

"కాగితం సక్కగ లేకుంట ఎవ్వరూ గీ గదిల అడుగు వెట్టొద్దు నాయనా," అంది డోర్కాస్, వెనక గది తలుపుకు అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఎస్సై సదాశివ ఇద్దరు కానిస్టేబుళ్లతో ముందు గదిలోనే ఆగిపోయాడు. అబిడ్స్‌లో చాపెల్ రోడ్డు వెనక గల్లీ అది. డోర్కాస్ నాంపల్లి కోర్టులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆమె ముందు కాగితం తీయడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడమే.

"సెర్చ్ వారెంటు ఉన్నదమ్మా. మీ కొడుకు గడువు తీరిన గోలీలకు కొత్త తేదీలు కొట్టి అమ్ముతున్నడని ఎవరో పేరు లేని అర్జీ పంపిన్రు. అవి మింగి నలుగురు దవాఖానల వడ్డరు."

కొడుకు జ్ఞానశేఖర్ గోడకు ఆనుకుని నవ్వాడు. "పోయినసారి కాచిగూడ గోదాం గూడ గిట్లనే సోదా చేసిన్రు సార్. వారెంటుల అడ్రసు తప్పున్నదని కేసు కొట్టేసిన్రు. యాదికున్నదా?"

సదాశివ మొహం మాడిపోయింది. యాదికి లేకేం!

డోర్కాస్ కళ్లద్దాలు తుడుచుకుని వారెంటు అక్షరం అక్షరం చదివింది. "జడ్జి గారి సంతకం ఉన్నది. కోర్టు ముద్ర ఉన్నది. దేనికోసం సోదానో రాసిన్రు." వేలు ఒకచోట ఆగింది. "ఇంటి నంబరు తప్పు. చివర తొమ్మిదుండాలె. గీడ నాలుగు వడ్డది."

"మా స్టేషన్ రైటర్ పొరపాటమ్మా. పెన్నుతోని దిద్దుత."

"నువ్వు దిద్దితే చెల్లది. జడ్జి గారే దిద్ది, పక్కన సంతకం వెట్టాలె. నాంపల్లి ఎంత దూరం? పోయిరా. వచ్చేటప్పుడు గల్లీల ఇద్దరు పెద్దమనుషులను సాక్షులుగ తెచ్చుకో. ఆడమనిషి ఉన్న ఇల్లు, లేడీ కానిస్టేబుల్‌ను గూడ తీస్కరా. ఫోన్‌ల వీడియో తీసుడు మర్వకు."

"ఎంతైనా కన్నతల్లి గదా," అని సణుక్కుంటూ ఎస్సై కానిస్టేబుళ్లను గుమ్మం బయట నిలబెట్టి వెళ్లాడు.

జ్ఞానశేఖర్ ఉబ్బిపోయాడు. "శెభాష్ అమ్మా! జర లే. వాళ్లొచ్చేలోపట గోలీలన్ని బాత్రూంల పోసి నీళ్లు గొడ్త. గా అర్జీ రాసినోని సంగతి తర్వాత చూస్త."

"బయట పోలీసోళ్లున్నరు. నీళ్ల మోత వింటే ఉరికొస్తరు. నిమ్మలంగ కూసో."

అదీ నిజమేననుకుని కూర్చున్నాడు. "ఫికర్ లేదు. ఇంకో తప్పు నువ్వే వట్టుకుంటవ్ తీ," అన్నాడు. డోర్కాస్ గంటన్నర సేపు ఆ కుర్చీలోంచి కదలలేదు, చాయ్ కూడా ముట్టలేదు. పాపం, లోపల ఎంత కుమిలిందో గానీ, రెండుసార్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఎస్సై తిరిగొచ్చాడు. వెంట ఇస్త్రీ పెంటయ్య, ఎదురింటి టీచరు విమల, ఒక లేడీ కానిస్టేబుల్. డోర్కాస్ వారెంటు మళ్లీ మొదటినుంచి చదివింది. తొమ్మిది పడింది, పక్కనే జడ్జి సంతకం. ఈసారి వంక పెట్టడానికేం లేదు. లేచి కుర్చీ పక్కకు జరిపింది.

"అమ్మా!" అన్నాడు జ్ఞానశేఖర్.

మంచం కింద ఎనిమిది అట్టపెట్టెలు దొరికాయి. నిండా గోలీలు, తేదీలు కొట్టే రబ్బరు ముద్రలు. అంతా వీడియోలో పడింది, సాక్షులు సంతకాలు చేశారు. జప్తు జాబితా నకలు డోర్కాస్ అడిగి మరీ తీసుకుంది.

జ్ఞానశేఖర్‌ను జీపెక్కించాక ఎస్సై వెనక్కి వచ్చాడు. "అమ్మా, మీరు వట్టుకోకుంటే గీ కేసు గూడ కొట్టేస్తుండిరి. గా నంబరు తప్పు మాలో ఒక్కనికి గూడ కనవడలే."

డోర్కాస్ జప్తు జాబితాను మడతపెట్టింది. "ఎట్ల తప్పు రాసిన్రు నాయనా? అర్జీల నేను తొమ్మిదని సక్కగనే రాసిన గదా."