సందు పళ్ళ ఎలుక

"అడుగు ముందుకు వెయ్యకండి లోజె గారూ, మట్టి కుంగుతుంది" అంటూ పెట్సోల్ట్ క్యారెట్ మడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కన్నంలోకి కుడిచెయ్యి దూర్చాడు.

"జాగ్రత్తండీ, కరుస్తుందేమో!" అంది గుద్రున్ లోజె.

"మధ్యవేలు సగం ఎప్పుడో రంపమే తినేసింది. మిగిలింది ఎలుక పంటి కిందకి కూడా రాదులెండి."

వడ్రంగం మానేసినా అతని మాటల పదును పోలేదు. లైప్‌జిగ్ శివార్లలోని ఆ చిన్న తోటల్లో అతనిది చివరిది, ఆమెది గేటు పక్కది. పని లేకపోతే ఇంత దూరం రాడు.

అతను కొరికిన క్యారెట్ ఒకటి బయటికి లాగి, వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"విచిత్రంగా ఉందే. ఈ ఎలుకకి ముందు పళ్ళ మధ్య సందుంది!"

గుద్రున్ టక్కున నోరు మూసుకుంది.

అసలు ఎలుక వసంతంలోనే అతని బోనులో పడి చచ్చింది. దాన్ని పట్టేదాకా అతను రోజూ పొద్దున్నే వచ్చి, మడులన్నీ చూసి, ఆమె పెట్టిన కాఫీ తాగి వెళ్ళేవాడు. ఎలుక పోయింది, అతని రాకా పోయింది. ఏళ్ళ తరబడి ఒక్కతే కాఫీ తాగిన మనిషికి రెండో కప్పు ఖాళీగా కనిపించడం భరించలేనంత కష్టమైంది. అందుకే ఎలుక ఉద్యోగంలో గుద్రున్ తానే చేరింది. గొడుగు కొనతో కన్నాలు పొడిచింది. క్యారెట్లు పీకి, తానే కొరికి, మళ్ళీ పాతింది. ఆ మట్టి రుచి మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు.

"ఇవాళ తేల్చేద్దాం" అన్నాడు పెట్సోల్ట్, సొరంగం పైమట్టి జానెడు మేర తీసేస్తూ. "నేలెలుక అయితే గాలి తగిలితే ఓర్చుకోదు. సాయంత్రంలోగా మట్టి కూరి మూసేస్తుంది. మూయకపోతే అది మోల్ అన్నమాట, నేల కింద సొరంగాలు తవ్వే చిన్న జంతువు. మోల్‌ని ముట్టుకుంటే చట్టం ఊరుకోదు."

"అప్పుడేం చేస్తారు?"

"చేసేదేముంది? దణ్ణం పెట్టి ఇంటికి పోతాను. ఇక నాకిక్కడ పనుండదు."

గుద్రున్ తెరిచిన కన్నం కేసి చూసింది. అయినా మూయడం ఎంతసేపు? అతను అటు వెళ్ళగానే గుప్పెడు మట్టి కూరితే సరి.

అతను అటు వెళ్ళాడు. అప్పుడే ఇటు తోటల సంఘం అధ్యక్షురాలు ఇర్మ్‌గార్డ్ ఊడిపడింది.

"లోజె గారూ, రేపే కోతల పండగ! ప్లమ్ పళ్ళ కేకుకి గింజలు తీసేవాళ్ళే లేరు. నడవండి."

"ఒక్క నిమిషం, చిన్న పనుంది..."

"మధ్యాహ్నం విశ్రాంతి వేళ తోటలో పనేంటండీ? నియమం మీకు తెలీదా?"

బరబరా లాక్కుపోయింది. క్లబ్బు గదిలో గుద్రున్ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. గింజలు గిన్నెలో, పళ్ళు చెత్తబుట్టలో వేసి తిట్లు తింది. "తలనొప్పి" అంది. "కాఫీ తాగండి" అంది ఇర్మ్‌గార్డ్. ఆ మాట వింటేనే ఆమెకి ఏడుపొచ్చింది.

వదిలించుకుని పరుగున వచ్చేసరికి, పెట్సోల్ట్ అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"సరిగ్గా సమయానికొచ్చారు. చూద్దాం రండి."

"రేపు చూస్తే పోదా? చీకటి పడుతోంది."

"ఇంకా ఎండ ఉందండీ."

దోషిలా తలదించుకుని అతని వెనకే నడిచింది. ఎలుకా లేదు, మోలూ లేదు. తెరిచిన కన్నం తెరిచినట్టే ఉంటుంది. ఇకనుంచి మళ్ళీ ఒక్క కప్పే.

"చూశారా!" అన్నాడు పెట్సోల్ట్.

కన్నం మూసి ఉంది!

"నేలెలుకే. అందులోనూ మహా మొండిది" అన్నాడతను తల పంకించి. "ఇలాంటివి ఒక పట్టాన పడవు. చలికాలమంతా నేను రోజూ రావాల్సిందే. మీకు ఇబ్బంది లేదు కదా?"

"అబ్బే, ఏం ఇబ్బంది!" అంది గుద్రున్, సందు పళ్ళ సంగతి మర్చిపోయి నోరారా నవ్వుతూ.

అతను ఆ నవ్వు కేసి కాసేపు చూసి, బోను తెస్తానంటూ ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

నిజంగానే ఇంకో ఎలుక వచ్చిందా? గుద్రున్ ఆశ్చర్యంగా వంగి చూసింది. కూరిన మట్టి ఇంకా తడిగానే ఉంది. దాని మీద నాలుగు వేళ్ళ అచ్చులున్నాయి.

మధ్యవేలి అచ్చు సగమే ఉంది.